అనంతమ్మ అరచేతిలో పడని నీళ్లు

ఇది ఇంతకుముందే రాయకపోవడానికి కారణం ఒక్కటే: నాకు అప్పటికి రాయడం రాదు. చిన్నప్పుడు బర్రెల వెంట పంపారు గాని బడికి పంపలేదు. పెద్దయ్యాక పనికి పోయాను. ప్లంబింగు పని అక్షరాలు లేకుండానే నడిచింది. ఎర్ర చుక్క ఉంటే వేడినీళ్లు, నీలం చుక్క ఉంటే చన్నీళ్లు. పైపు సైజు వేలు పెట్టి చెప్పేదాన్ని. రాత అవసరమైన చోట పక్కనున్నవాళ్లు రాసేవారు. మోకాళ్లు అరిగి పని మానేసిన తర్వాత, అరవై దాటిన వయసులో, మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటున్నానని మా కోడలు పలక తెచ్చి ముందు పెట్టింది. మొదట నా పేరు, తర్వాత మా ఊరి పేరు, ఆ తర్వాత బస్సుల మీది బోర్డులు. ఇప్పుడు నెమ్మదిగానే అయినా పేజీ నింపగలుగుతున్నాను.

మేడ్చల్‌లో ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న ఆడవాళ్లు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "మేస్త్రీ ఎట్లయినవ్ కళమ్మక్కా?" అని అడుగుతారు. వాళ్ల కోసం, ఈ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునే వాళ్ల కోసం, రావల్కోల్‌లో చేసిన ఒక్క పని గురించి రాస్తున్నాను.

కరోనా తగ్గిన తర్వాత వచ్చిన రెండో ఎండాకాలంలో నన్ను ఆ ఇంటి పనికి మేస్త్రీగా వేశారు. అప్పటికి నేను మేడ్చల్‌లో ఇళ్ల మరమ్మతులు చేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. దాని యజమాని ప్రభాకర్ సార్. మా దగ్గర మూడు మెట్లు ఉండేవి. హెల్పరు సామాను అందించాలి, గోడ కొట్టాలి. ప్లంబరు పైపులు కలపాలి, నల్లాలు బిగించాలి. మేస్త్రీ ఇంటి మొత్తానికి పూచీ పడాలి. ఏ పైపు ఎటు పోవాలో మేస్త్రీ చెప్పాలి, తప్పు వస్తే మేస్త్రీయే నిలబడాలి. మా ఆయన మల్లేశం ప్లంబరు. ఆయన పక్కన హెల్పరుగా చేస్తూనే పని నేర్చుకున్నాను. ఆయన పోయాక ఈ సంస్థలో ప్లంబరుగా చేరాను. అక్కడ అంతవరకు మేస్త్రీలందరూ మగవాళ్లే.

ప్రభాకర్ సార్ నన్ను, నా తోటి ప్లంబరు సుజాతను పిలిచి విషయం దాచకుండా చెప్పారు. ఈ ఇంటి పని ఫిర్యాదు లేకుండా పూర్తయితే ఇకముందు ఇళ్లకు ఇళ్లు మా ఇద్దరికే ఒప్పజెప్తారు. ఫిర్యాదు వస్తే ఆయన ఎవరితోనూ వాదించలేరు. మేమిద్దరం మళ్లీ వేరే మేస్త్రీ కింద పని చేయాలి. సుజాత నాకంటే పదిహేనేళ్లు చిన్నది, మాట చురుకు. బయటికి రాగానే, "అక్కా, మగ మేస్త్రీలకు గిట్లాంటి పరీక్ష పెట్టిండ్రా ఎన్నడన్న?" అంది. పెట్టలేదని నాకూ తెలుసు. అయినా పని దొరికింది కదా అన్నాను.

ఆ ఇల్లు బాల్‌రెడ్డి పటేల్‌ది. వాళ్లది పాత వ్యవసాయ కుటుంబం. పొలంలో కొంత ఇప్పటికీ సాగు చేస్తారు, కొంత ప్లాట్లయింది. పాత బోరు ఎండిపోతే కొత్త బోరు వేయించారు, నీళ్లు బాగా పడ్డాయి. మేడ మీద సిమెంటు తొట్టి పగిలితే దాని చోట ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించారు. మాకు ఇచ్చిన పని ట్యాంకు నుంచి కిందికి కొత్త లైను, కింది బాత్‌రూములో కొత్త నల్లాలు. వంటింట్లో పాత ఇత్తడి నల్లాను అలాగే ఉంచమన్నారు.

బాత్‌రూము పని బాల్‌రెడ్డి తల్లి అనంతమ్మ కోసం. ఎనభై దాటిన మనిషి. అంతకుముందు ఏడు జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. కాని చేతివేళ్లు వంకర్లు పోయి పాత నల్లా తిప్పలేదు, చెంబు ఎత్తలేదు. కోడలో పనిమనిషో స్నానం చేయించాలి. కోడలు మంచిదే. అయినా అనంతమ్మకు అది సహించలేదు. మొదటిరోజు మేము గోడ కొలుస్తుంటే కుర్చీలో కూర్చుని నాతో అంది: "బిడ్డా, ఎనభై ఏండ్లు ఎవ్వల ముంగట చీర ఇప్పలె. ఇప్పుడు రోజు ఇప్పుడైతాంది. నా ఒంటి మీద నీళ్లు నేనే పోసుకునేటట్టు చెయ్యి. ఇంకేం వద్దు నాకు."

ఆ మాట విన్న తర్వాత కొలతలన్నీ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి తీశాను. మామూలుగా నల్లా ఎత్తుకు ఒక లెక్క ఉంటుంది, అందరికీ అదే పెడతారు. అనంతమ్మ కూర్చుని చెయ్యి చాపితే మణికట్టు ఎక్కడికి వస్తుందో అక్కడ గోడ మీద సుద్దతో గీత గీశాను. తిప్పే నల్లా కాకుండా, ఒకే కాడ ఉండి పైకి లేపితే నీళ్లు వచ్చే మిక్సర్ తెప్పించాను. వేళ్లతో పని లేదు, మణికట్టుతో లేపవచ్చు. బిగించకముందే దాన్ని ఆమె ఒళ్లో పెట్టి లేపించి చూశాను. రెండుసార్లు లేపి, "గిది పిల్లను నిమిరినట్టే ఉన్నది" అంది. పక్కన చేత్తో పట్టుకునే షవరు, కూర్చుని లేవడానికి పట్టుకునే కడ్డీ. ఆ బాత్‌రూమును ఇప్పటికీ నా పనుల్లో మొదటిదిగా చెప్పుకుంటాను.

ఇక నీళ్ల సంగతి. కొత్త లైను వేశాక నల్లాలు బిగించే ముందు లైను కడగాలి. పైపులు కోసినప్పటి పొట్టు, మట్టి, గోడ కొట్టిన ఇసుక లోపల ఉంటాయి. నల్లా పెట్టకుండా పైపు మూతి తెరిచి నీళ్లు వదిలితే అవన్నీ కొట్టుకుపోతాయి. పాత నల్లాల్లో దారి వెడల్పు, ఇసుక ఉన్నా పోయేది. కొత్త మిక్సర్లలో దారి సన్నం, మూతి దగ్గర జాలి కూడా ఉంటుంది. కడగకుండా బిగిస్తే మొదటిరోజే ధార సన్నబడుతుంది.

ఆ మాట చెప్పగానే బాల్‌రెడ్డి అక్క సత్తెమ్మ అడ్డుపడింది. ఆమెను శామీర్‌పేటలో ఇచ్చారు, పూజ పనుల కోసం ముందుగానే వచ్చి ఉంది. వాళ్ల ఇంటి పద్ధతి ప్రకారం కొత్త బోరు నీళ్లు ఇంట్లోకి వచ్చేది గంగమ్మ పూజ అయ్యాకే. మొదటి నీళ్లు ఇంటి పెద్ద ఆడమనిషి అరచేతిలో పడాలి. పూజ గురువారం. అంతవరకు ఒక్క చుక్క కూడా నల్లాలోంచి రాకూడదంది.

"బోరు నీళ్లు వద్దు అమ్మా, ట్యాంకరు నీళ్లు తెప్పియ్యుండ్రి. బయటి నీళ్లతోటి కడుగుత" అన్నాను.

బయటి నీళ్లకు తమ పద్ధతితో సంబంధం లేదని సత్తెమ్మ ఒప్పుకుంది. బుధవారం ట్యాంకరు వచ్చింది. ట్యాంకులోకి నీళ్లు ఎక్కించి, లైను కడిగి, నల్లాలు బిగించి, ధార చూశాం. బకెట్టు చూస్తుండగానే నిండింది. మిగిలిన నీళ్లన్నీ వదిలేసి ట్యాంకు ఖాళీ చేసి పెట్టాం. సుజాత సంచీ సర్దుతూ, "రేపు మనం రాకున్న నడుస్తది" అంది. మొదటిసారి నీళ్లు వదిలేటప్పుడు మేస్త్రీ దగ్గర ఉండాలన్నది మా సంస్థ నియమం. అందుకని గురువారం ఇద్దరం వెళ్లాం.

పూజ పొద్దున్నే బోరు దగ్గర మొదలైంది. అయ్యగారు, బౌరంపేట్ నుంచి వచ్చిన చుట్టాలు, వాకిలి నిండా మనుషులు. మేము ఇంటి వెనక నిలబడ్డాం. మోటారు వేశారు, ట్యాంకు నిండుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అందరూ బాత్‌రూము ముందుకు వచ్చారు. అనంతమ్మను స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆమె కొంగు సర్దుకుని కుడిచెయ్యి చాపింది. బాల్‌రెడ్డి నల్లా కాడ లేపాడు.

నీళ్లు ఒక్కసారి దూకాయి, దగ్గినట్టు ఆగాయి, మళ్లీ వచ్చాయి. తర్వాత సన్నబడి దారంలా అయ్యాయి. చివరికి చుక్కలు పడ్డాయి. అనంతమ్మ అరచేతి గుంట కూడా నిండలేదు.

ఎవరో వంటింట్లోకి పోయి పాత నల్లా తిప్పారు. అక్కడ నీళ్లు ధారగా వస్తున్నాయి. ఆ చప్పుడు మా అందరికీ వినిపించింది.

"పాత నల్లా ధనధన వస్తాంది. కొత్తదాంట్ల ఉచ్చ పోసినట్టున్నది. గింత ఖర్చు పెట్టింది గిందుకేనా బాల్‌రెడ్డీ?" అంది సత్తెమ్మ. తర్వాత నా వైపు చూడకుండానే అంది: "నేను మొన్ననే చెప్పిన. శుభం పనికి బొట్టు లేనిదాని చెయ్యి పెట్టియ్యకురా అని. ఇన్నవా?"

ఆ మాట నాకు కొత్త కాదు. ఇతర ఇళ్లలో వెనక అనేవారు, ఇక్కడ నా ఎదుటే అన్నారు. సుజాత చేతిలో పైపు పానా ఉంది, దాన్ని ఠప్పున నేల మీద పెట్టింది. "పా అక్కా, పోదాం" అంది. నేను కదలలేదు. అప్పుడు వెళ్లిపోతే ఆ మాటే మిగిలిపోతుంది. రేపు ఇంకో ఆడమనిషి పని అడిగితే ఆ మాటే ఎదురొస్తుంది.

అనంతమ్మ చాపిన చెయ్యి దించలేదు. అలాగే ఉంచి కూతురిని పిలిచింది.

"సత్తీ, ఇటు రాయే. నా నొసట ఏమున్నదో సూడు."

"అమ్మా, నిన్నంటలేను నేను..."

"నన్ను అనకుంటె ఇంకెవ్వల్నన్నవ్? మీ నాయిన పొయ్యి ఎన్నేండ్లాయె? నా చేతిల నీళ్లు పడితే ఇంటికి మంచిదని అయ్యగారికి చెప్పింది నువ్వే గద. నా చెయ్యి పనికొచ్చె, గామె చెయ్యి పనికి రాకపాయె?"

అయ్యగారు ఆకాశం వైపు చూశారు. అనంతమ్మ నా వైపు తిరిగి, "నువ్వు నీ పని సూస్కో బిడ్డా. నేను గీన్నే కూసుంట, ఎటు పోను" అంది.

బాల్‌రెడ్డి ఫోను చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఆయన కోపిష్ఠి కాదు, చుట్టాల ముందు ఇబ్బంది పడుతున్నాడు. కౌకూర్‌లో తనకు తెలిసిన ప్లంబరు ఉన్నాడని, పిలవమంటావా అని నన్ను అడిగాడు. పిలిస్తే ఫిర్యాదు అయినట్టే. ఆ ప్లంబరు వచ్చి ఏం చేసినా, అతనే బాగు చేశాడంటారు.

"రాహుకాలం రాకముందు నాతోటి కాకుంటె పిలువుండ్రి పటేలా. అప్పటిదాంక బాత్‌రూముల నేను, సుజాత, పెద్దవ్వ తప్ప ఎవ్వరు ఉండొద్దు" అన్నాను. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇలాంటప్పుడు చేయవలసిన పనికి ఒక వరుస ఉంది. నీళ్లు తక్కువ వస్తే తొందరపడి గోడ కొట్టకూడదు, నల్లా మార్చకూడదు. లోపం ఎక్కడుందో చివరి నుంచి మొదటికి వెతుక్కుంటూ పోవాలి. మొదట తెలుసుకోవలసింది నీళ్లు అన్ని చోట్లా తక్కువా, ఒక్కచోటే తక్కువా అని. వంటింట్లో బాగున్నాయి. చేతి షవరు తెరిచి చూశాను, అదీ సన్నమే. కొత్తవి రెండూ సన్నం, పాతది బాగుంది. పైపైన చూస్తే సత్తెమ్మ అన్నదే నిజం, కొత్త నల్లాలే చెడ్డవి. కాని నిన్న ఇవే నల్లాలు బకెట్టు నింపాయి.

రెండోది, నీళ్లు నల్లా దాకా వస్తున్నాయా అని చూడాలి. గోడలోంచి వచ్చే పైపుకు, నల్లాకు మధ్య నీళ్లు ఆపే చిన్న నల్లా ఉంటుంది, యాంగిల్ కాక్ అంటాం. దాన్ని మూసి, షవరుకు పోయే గొట్టం విప్పి, గొట్టం మూతి బకెట్టులో పెట్టి మళ్లీ తెరిచాను. నీళ్లు బకెట్టు గోడకు కొట్టి మా మీద చిమ్మాయి. అనంతమ్మ చీర కూడా తడిసింది. "అగో, నీళ్లు ఉన్నయ్!" అంది సంబరంగా. అంటే ట్యాంకులో, పైపులో ఫోర్సు ఉంది. ఆగింది కొత్త నల్లాల లోపలే.

మూడోది జాలి. నల్లా మూతి దగ్గర తిప్పి తీసే చిన్న బిళ్ల ఉంటుంది, దాని లోపల సన్నని జాలి. దాన్ని విప్పి అరచేతిలో బోర్లించాను. ఇసుక వస్తుందనుకున్నాను. పసుపు బియ్యం వచ్చాయి. నాని ఉబ్బిన అక్షింతలు, వాటికి అంటుకుని బంతి రేకులు.

సుజాత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇరవై ఏళ్లకు పైగా నల్లాలు విప్పాను. ఇసుక, తుప్పు, సున్నం, టేపు ముక్కలు, ఒకసారి బల్లి తోక కూడా చూశాను. అక్షింతలు చూడలేదు.

జాలి కడిగి బిగించాను. ధార వచ్చింది, అనంతమ్మ చెయ్యి చాపింది, మళ్లీ సన్నబడింది. విప్పి చూస్తే మళ్లీ బియ్యమే. పైనుంచి వస్తూనే ఉన్నాయన్నమాట. వంటింటి పాత నల్లాకు జాలి లేదు, దాంట్లోంచి బియ్యం కూడా నీళ్లతో పాటే పోతున్నాయి. అందుకే అది బాగుంది. వంటింటి తొట్టిలోకి వంగి చూస్తే అక్కడ కూడా గింజలు కనబడ్డాయి. ఆ గందరగోళంలో ఎవరూ వాటిని గమనించలేదు.

మేడ ఎక్కి ట్యాంకు మూత తీశాను. పైన బంతిపూల రేకులు, మామిడాకులు తేలుతున్నాయి. నీళ్లు లేత పసుపు రంగులో ఉన్నాయి. అడుగున బియ్యం పరుచుకుని ఉన్నాయి. మోటారు నీళ్లు పడుతున్నంతసేపూ అడుగు కదులుతుంది, ఆ బియ్యం కింది పైపులోకి దిగుతాయి.

బాల్‌రెడ్డిని పైకి పిలిచాను. నా చేతిలోని జాలి, ట్యాంకు రెండూ చూపించాను. ఇది చెప్పకుండా కడిగేసి వెళ్లవచ్చు కదా అని తర్వాత ఒకరిద్దరు నన్ను అడిగారు. చెప్పకపోతే తప్పు ఎవరిదన్నది ఎప్పటికీ తేలదు. తేలకపోతే అది నా చెయ్యి మీదే ఉంటుంది. మేస్త్రీ లోపం చూపించి తీరాలి. అది ఎవరి వల్ల వచ్చిందన్నది ఇంటివాళ్లు మాట్లాడుకుంటారు.

బాల్‌రెడ్డి ట్యాంకులోకి చూసి మొఖం తుడుచుకున్నాడు. "నేనే ఏసిన కళమ్మా" అన్నాడు నెమ్మదిగా. "పొద్దుగాల అమ్మ పళ్లెం ఇచ్చి గంగమ్మకు ఏసి రమ్మన్నది. ట్యాంకుల ఏసిన."

కిందికి వచ్చి ఆ మాటే తల్లికి చెప్పాడు. చుట్టాలు విన్నారు, సత్తెమ్మ కూడా విన్నది. అనంతమ్మ చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆమె కొడుకు మొఖం చూసి, జాలిలోని బియ్యం చూసి, ఒళ్లు కదిలేట్టు నవ్వింది.

"నేను కొత్త కోడలిగ వచ్చిన నాటి నుంచి బాయిల ఏస్తనే ఉన్న. పసుపు, బియ్యం, పూలు, అన్ని తిన్నదది. ఎన్నడు గొంతుల పట్టుకోలె. గీ ప్లాస్టిక్‌దానికి గింత బియ్యమే అరగకపాయె!"

తన తల్లి అలా నవ్వడం చూసి చాలా రోజులైందని బాల్‌రెడ్డి నాతో తర్వాత చెప్పాడు. వాళ్లు తప్పు చేశారని నేను అనుకోలేదు. బావికి చేసే మర్యాదే ట్యాంకుకు చేశారు. బావి లోతు, దానిలో పడింది అడుగుకు పోతుంది. ట్యాంకుకు అడుగునే తలుపు ఉంటుంది. ఆ సంగతి తెలుసుకోవలసిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ అంతవరకు రాలేదు. పాత సిమెంటు తొట్టిలోనూ ఏటా పూజకు వేసేవారట. పాత నల్లాలు వాటిని వదిలేసేవి.

ఇక ట్యాంకు ఖాళీ చేయాలి, కడగాలి, లైను మళ్లీ కడగాలి. అక్కడ సత్తెమ్మ మళ్లీ ఆగమంది. ఈసారి నా గురించి కాదు, ఆ నీళ్లు మురికి కాలువలోకి పోవడం గురించి. "పూజ నీళ్లు మోరీల పారబోస్తరా? వద్దు. పాపం తగుల్తది" అంది. అది తీసేయదగ్గ మాట అని నాకు అనిపించలేదు. ఎవరి ఇంట్లో వాళ్ల నమ్మకం ఉంటుంది, పని దాన్ని దాటి పోనక్కర్లేదు.

"మోరీలకు పోనియ్య. మీ వెనక నిమ్మచెట్లున్నయ్, గోంగూర మడి ఉన్నది. ట్యాంకు నుంచి నేరుగ ఆడికే పైపు ఏస్త. ఒక్క చుక్క మోరీల పడదు" అన్నాను.

సత్తెమ్మ అయ్యగారిని చూసింది. ఆయన తలూపారు. పొలం పైపు ఒకటి మేడ మీదికి లాగాం. ట్యాంకు నీళ్లు చెట్ల పాదుల్లోకి దిగాయి. బంతి రేకులు గోంగూర మడిలో పసుపు పచ్చగా పరుచుకున్నాయి. సుజాత ట్యాంకులోకి దిగి అడుగు గుడ్డతో తుడిచింది. లోపలి నుంచి ఆమె గొంతు గంగాళంలో మాట్లాడినట్టు వినిపించింది: "అక్కా, గీ బియ్యం దించుకపోతె పొద్దుటికి పులగం ఒండుకోవచ్చు!" కింద చుట్టాలకు కూడా వినిపించింది, నవ్వారు.

తర్వాత మోటారు వేసి మళ్లీ నింపాం. నల్లా, షవరు రెండూ విప్పేసి, పైపు మూతులకు గొట్టాలు తగిలించి, ఆ నీళ్లు కూడా పెరట్లోకే వదిలాం. గింజ రావడం పూర్తిగా ఆగేదాకా నేను జాలిగుడ్డ పట్టి చూశాను. మిక్సర్ లోపల నీళ్లు తెరిచి మూసే బిళ్లలు ఉంటాయి, వాటిని కూడా విప్పి చూశాను. రెండు బిళ్లల మధ్య సగం గింజ ఇరుక్కుని ఉంది. అది వదిలేస్తే కాడ మూసినా నల్లా కారుతూనే ఉండేది. తీసి, కడిగి, బిగించాను. ట్యాంకు నుంచి లైను బయలుదేరేచోట లోపలివైపు పెద్ద జాలి ఒకటి తొడిగాను. ట్యాంకు పక్కన మట్టికుండ ఒకటి పెట్టించి, వచ్చే ఏడు గంగమ్మకు ఇచ్చేది అందులో వేసి చెట్లకు పోయమన్నాను. బాల్‌రెడ్డి ఆ కుండను నేను చూస్తుండగానే తన చేత్తో సిమెంటు పెట్టి నిలబెట్టాడు.

రాహుకాలానికి ఇంకా సమయం ఉంది. అయ్యగారు మళ్లీ ఏదో మంత్రం చదవబోతే అనంతమ్మ, "సాలు అయ్యగారూ, గంగమ్మ ఎప్పుడో ఇన్నది" అంది. కాడ లేపడానికి బాల్‌రెడ్డి ముందుకు వచ్చాడు.

"నువ్వు లేపుడేందిరా? రేపటి నుంచి నువ్వొచ్చి లేపుతవా?" అంది. ఎడమ అరచెయ్యి కింద పట్టి, కుడి మణికట్టుతో కాడను పైకి లేపింది. నీళ్లు ఆమె అరచేతిలో పడి, పొంగి, మోచేతి దాకా పారాయి. ఆమె వాటిని కళ్లకు అద్దుకుంది, నోట్లో పోసుకుంది, తల మీద చల్లుకుంది. తర్వాత అందరి వైపు చూసి, "ఇగ నడువుండ్రి. తలుపు దగ్గరకెయ్యుండ్రి" అంది.

కోడలు లోపలే ఉండబోయింది. "నువ్వు కూడ పో బిడ్డా. అవసరమైతె పిలుస్త" అని పంపేసింది.

కొత్త బాత్‌రూములో ఇంటివాళ్లు మొదటిసారి నీళ్లు వాడుతున్నంతసేపూ మేస్త్రీ బయట నిలబడాలి. ఎక్కడైనా కారితే అప్పుడే తెలుస్తుంది. నేను తలుపు పక్కన గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. గోడ లోపల నీళ్లు ఆగకుండా పారుతున్న చప్పుడు. షవరు తీసిన చప్పుడు. స్టూలు జరిగిన చప్పుడు. కోడలు, సత్తెమ్మ, బాల్‌రెడ్డి అందరూ అక్కడే ఉన్నారు. లోపలి నుంచి అనంతమ్మ కేకేసింది: "మస్తు ఫోర్సున్నదే కళమ్మా! ఈపంత కొడుతాంది!"

ఆమె తనంతట తాను చీర చుట్టుకుని, కర్ర పట్టుకుని, తడి జుట్టుతో తలుపు తీసుకుని బయటికి వచ్చింది. సత్తెమ్మ వెళ్లి తల్లి తల తుడిచింది. నాకు తెలిసి ఆమె నన్ను క్షమించమని అడగలేదు, నేనూ ఎదురుచూడలేదు. విస్తర్లు వేసినప్పుడు మా ఇద్దరినీ చుట్టాల వరుసలోనే కూర్చోబెట్టి, మా విస్తట్లో పులిహోర ఆమే వడ్డించింది. రెండోసారి వడ్డిస్తూ, తలెత్తకుండా అడిగింది: "మా ఇంట్ల గూడ నల్లాలు ఖరాబైనయ్. శామీర్‌పేటకు వస్తవా?"

"వస్తనమ్మా. ఎప్పుడు రమ్మంటరు?"

"రేపే రా."

సుజాత నా మోచేతిని పొడిచింది. సాయంత్రం ప్రభాకర్ సార్‌కు బాల్‌రెడ్డి ఫోను చేశాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. సార్ మాత్రం, ఇకముందు రావల్కోల్ వైపు ఇళ్ల పనులన్నీ నేనే చూసుకోవాలన్నారు. ఆ తర్వాత పని మానేసేదాకా నేను మేస్త్రీగానే చేశాను. నా తర్వాత సుజాత మేస్త్రీ అయింది, ఇప్పుడు ఆమె కింద నలుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు.

ఈ పని నాకు నేర్పింది ఇది. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ పైపులోంచి పోతాయి అన్నది మేస్త్రీ చూసి తెలుసుకోగలదు. ఆ ఇంటివాళ్లు నీళ్లకు ఏం చేస్తారు, ఏం ఇస్తారు అన్నది మాత్రం అడిగితేనే తెలుస్తుంది. బుధవారం నేను లైను గురించి అన్నీ అడిగాను, పూజ గురించి ముహూర్తం తప్ప ఇంకేమీ అడగలేదు. ఆ ప్రశ్న కూడా పనిలో భాగమే. టేపు చుట్టడం, లైను కడగడం ఎలాగో ఇదీ అలాగే.

మరునాడు పొద్దున్నే సుజాతను తీసుకుని శామీర్‌పేటలో సత్తెమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె మమ్మల్ని నేరుగా బాత్‌రూము వైపు తీసుకుపోబోయింది. ముందు మేడ మీదికి పోదామన్నాను. పైకి ఎక్కాక, ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టి, ఇందులో ఎప్పుడైనా ఏమైనా వేశారా అని అడిగాను. ఆమె నా మొఖం చూసింది, మూత చూసింది.

"ఉండు, యాదికి తెచ్చుకోనీ" అంది.

నేను సంచీ కింద పెట్టి, ఆమెకు యాదికొచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.